పాత పిన్‌బాల్ యంత్రం: లోపం కనిపించే చోటు, లోపం పుట్టే చోటు

పిన్‌బాల్ అంటే వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు బంతిని కిందికి జారిపోకుండా కొడుతూ స్కోరు పెంచుకునే ఆట. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న పిన్‌బాల్ యంత్రం చేతికి రాగానే, ప్లగ్గు పెట్టి అది వెలుగుతుందో లేదో చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ఆత్రాన్ని ఒక గంటసేపు ఆపుకోగలిగితే తర్వాత చేయవలసిన పనిలో చాలా భాగం తగ్గుతుంది. ఈ యంత్రాల్లో లోపం కనిపించే చోటు ఒకటి, అది పుట్టిన చోటు మరొకటి. మాడిపోయిన కాయిల్‌ను, అంటే కరెంటు పారితే అయస్కాంతమయ్యే తీగ చుట్టను, చూసి కొత్త కాయిల్ వేస్తాం, అదీ మాడుతుంది. పేలిన ఫ్యూజు తీసి కొత్తది పెడతాం, అదీ పేలుతుంది. మరమ్మతు అంటే ఈ రెండు చోట్ల మధ్య విద్యుత్తు నడిచిన దారిని వెనక్కి వెతుక్కుంటూ పోవడం. ఆ దారి ఎలా ఉంటుందో తెలియాలంటే యంత్రం ఏ తరానిదో ముందుగా తేల్చుకోవాలి.

1970ల చివరి దాకా షికాగోలోని గాట్లీబ్, విలియమ్స్, బ్యాలీ సంస్థలు ప్రధానంగా ఎలక్ట్రోమెకానికల్ యంత్రాలను తయారు చేశాయి. వాటిలో కంప్యూటరు ఉండదు. ఆట నియమాలన్నీ రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్‌లు), మెట్టు మెట్టుగా తిరిగే చక్రాలు, వందలాది చిన్న స్విచ్ పలకల రూపంలో కంటికి కనబడుతూనే ఉంటాయి. అడుగున ఒక చిన్న మోటారు తిరుగుతూ, తన ఇరుసు మీది ఎత్తుపల్లాలున్న చక్రాలతో వరుసగా స్విచ్‌లను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. దాన్ని స్కోర్ మోటార్ అంటారు. ఇలాంటి యంత్రం బాగుచేసేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: జరగవలసిన పనుల వరుసలో జరగకుండా ఆగిపోయిన మొదటి పని ఏది? ఉదాహరణకు, ఆట మొదలుపెట్టే బొత్తాం నొక్కగానే స్కోర్ మోటార్ తిరగడం మొదలుపెట్టి ఇక ఆగదనుకుందాం. కొత్తవారు మోటారును విప్పుతారు. మోటారుకు ఏమీ కాలేదు. స్కోరు చూపే చక్రాలన్నీ సున్నాకు చేరేదాకా తిరగడమే దాని పని. ఆ చక్రాల్లో ఏదో ఒకటి నలభై ఏళ్ల నాటి గట్టిపడిన గ్రీజులో ఇరుక్కుని సున్నా చేరకపోవచ్చు. సున్నా చేరినా, చేరినట్టు చెప్పవలసిన స్విచ్ పలక వంగిపోయి తెరుచుకోకపోవచ్చు. మోటారు అడుగున ఉంటుంది, అసలు లోపం పైన స్కోరు చూపే నిలువు పెట్టెలో, అంటే తల పెట్టెలో ఉంటుంది. ఈ తరం యంత్రాల్లో పనంతా శుభ్రం చేయడమూ, పలకలను సరైన ఎడంతో వంచడమూనే. సర్క్యూట్ పటం దగ్గర ఉంటే, ఓపిక ఉంటే, వీటిలో బాగుపడనిది దాదాపు ఉండదని నా నమ్మకం.

1977 తర్వాత కథ మారింది. రిలేల స్థానంలోకి మైక్రోప్రాసెసర్ బోర్డులు వచ్చాయి. బ్యాలీ తన బోర్డులో మోటరోలా 6800 ప్రాసెసర్‌ను వాడింది. ఇక్కడి నుంచి ప్రధానంగా ఆ తొలి సాలిడ్ స్టేట్ యంత్రాల గురించే, అంటే చిప్‌లతో నడిచే వాటి గురించే చెబుతాను. ఈ రోజు బాగుచేయడానికి చేతికి వచ్చే వాటిలో అవి ఎక్కువ. పైగా మెకానికల్ లోపాలూ ఎలక్ట్రానిక్ లోపాలూ ఒకదాన్నొకటి కప్పుకుని ఉండేది కూడా వాటిలోనే.

ప్లగ్గు పెట్టకుండా చేయవలసిన పని మొదట చూద్దాం. తల పెట్టె తెరిచి ప్రతి ఫ్యూజునూ బయటికి తీసి, దాని మీద ముద్రించిన విలువను పటంలోని విలువతో సరిచూడాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, యంత్రం పూర్వచరిత్ర అంతా ఇక్కడే బయటపడుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక యంత్రంలో 1 ఆంపియర్ ఫ్యూజు ఉండవలసిన చోట సిగరెట్ పెట్టెలోని వెండిరంగు కాగితం చుట్టిన కాలిపోయిన ఫ్యూజు దొరికింది. ఆ కాగితం చుట్టిన చేయి ఎవరిదో తెలియదు కానీ, దాని ఫలితం ఆట బల్ల కిందికి వంగి చూస్తే కనబడింది. ఒక కాయిల్ పైకాగితం నల్లగా మాడి, లోపలి నైలాన్ గొట్టం కరిగి, కాయిల్‌లోకి దూసుకుపోయే ఇనుప కడ్డీ, అంటే ప్లంజర్, దానికి అంటుకుపోయి ఉంది. ఫ్యూజు అసలు ఎందుకు పేలిందో ఎవరూ అడగలేదు, అది పేలకుండా మాత్రమే చూశారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు రెండు రోజుల తర్వాత దొరికింది. దాని గురించి కింద చెబుతాను.

ఫ్యూజుల తర్వాత ప్లగ్గు, నేల తీగ, ట్రాన్స్‌ఫార్మర్ టంకపు తీగలు చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు 110, 220 వంటి వేర్వేరు వోల్టేజీలకు వేర్వేరు తీగ కొసలు ఉంటాయి. యంత్రం వేరే దేశం నుంచి వచ్చినదైతే అవి ఎలా కలిపి ఉన్నాయో చూడకుండా కరెంటు ఇవ్వకూడదు. ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. ఈ యంత్రాల్లో స్కోరు అంకెలు వెలిగే గాజు డిస్‌ప్లేలకు దాదాపు 190 వోల్టుల డీసీ వెళ్తుంది. మీట ఆపిన తర్వాత కూడా, విద్యుత్తును దాచుకునే కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి ఉంటుంది. మీట ఆపినా ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ మీట దాకా వచ్చే తీగల్లో కరెంటు ఉంటుంది. చేయి పెట్టే ముందు ప్లగ్గు పూర్తిగా బయటికి లాగి, కాసేపు ఆగాలి.

ఇప్పుడు ప్రాసెసర్ బోర్డు దగ్గరికి వద్దాం. దాని మీద 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ ఒకటి టంకం వేసి ఉంటుంది. కరెంటు లేనప్పుడు అత్యధిక స్కోర్లు, ఆటల లెక్కలు దాచే చిన్న మెమరీకి అది ప్రాణం పోస్తుంది. ఈ తరం యంత్రాలను చంపింది ఆడినవారో కాలమో కాదు, ఎక్కువగా ఈ బ్యాటరీయే. అది ముసలిదై కారినప్పుడు బయటికి వచ్చేది క్షారం. ఆ క్షారం రాగి గీతల మీద ఆకుపచ్చ చిలుముగా, చిప్‌ల కాళ్ల మీద తెల్లటి పొడిగా పాకుతుంది. బోర్డు మీద బ్యాటరీకి పక్కనే ఉండేది రీసెట్ సర్క్యూట్, అంటే కరెంటు స్థిరపడిన తర్వాతే ప్రాసెసర్‌ను నిద్ర లేపే భాగం. క్షారం ముందుగా దాన్నే తింటుంది. అందువల్ల ప్రాసెసర్ అసలు లేవదు. బోర్డు మీది చిన్న ఎల్‌ఈడీ ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. ప్రాసెసర్ చిప్ పోయిందనుకుని దాన్ని మార్చేవారు ఎందరో. చిప్ బాగానే ఉంటుంది, దాన్ని లేపవలసిన గీత తెగి ఉంటుంది.

దీన్ని బాగుచేయడం నిదానంగా సాగవలసిన పని. బ్యాటరీని కత్తిరించి తీసేయాలి. క్షారాన్ని విరవడానికి వెనిగర్‌లో నీళ్లు కలిపి పాత టూత్‌బ్రష్‌తో ఆ భాగాన్ని తోమి, మంచినీళ్లతో కడిగి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నీటి తడి పోగొట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. చిలుము పట్టిన రెసిస్టర్లు, డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, చిప్ సాకెట్లు పైకి బాగున్నట్టు కనిపించినా తీసేసి కొత్తవి వేయడమే మేలు. రాగి నల్లబడిన చోట టంకం అంటదు, రాగి మెరిసేదాకా గీకాలి. గీత పూర్తిగా తెగిపోతే సన్నటి తీగతో వంతెన వేయాలి. కొత్త బ్యాటరీని మళ్లీ బోర్డు మీదే పెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. తీగలు పొడిగించి దూరంగా పెట్టవచ్చు. కానీ ఆ బోర్డు బ్యాటరీని చార్జ్ చేస్తుంది కాబట్టి, చార్జ్ కాని రకం సెల్స్ వాడితే మధ్యలో కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్ తప్పనిసరి. బ్యాటరీ లేకుండా వదిలేసినా ఆట ఆడుతుంది, పాత స్కోర్లు మాత్రం గుర్తుండవు. 1990ల విలియమ్స్ బోర్డుల్లో మామూలు పెన్సిల్ సెల్స్ వాడారు కానీ, కారినప్పుడు అవి చేసే నష్టమూ ఇలాంటిదే.

బోర్డు లేచిందో లేదో ఆ ఎల్‌ఈడీయే చెబుతుంది. బ్యాలీ బోర్డుల్లో కరెంటు ఇవ్వగానే అది ఒకసారి మిణుకుమని, తర్వాత ఏడుసార్లు వెలిగి ఆరుతుంది. ప్రతి వెలుగూ ఒక పరీక్ష గట్టెక్కిందన్న సంకేతం. ముందు ప్రోగ్రామ్ చిప్‌లు, తర్వాత రెండు మెమరీ చిప్‌లు, ఆ తర్వాత బయటి భాగాలతో మాట్లాడే రెండు పీఐఏ చిప్‌లు, ఆరోది డిస్‌ప్లేలను నడిపే టైమర్, ఏడోది కాయిల్స్‌కు వెళ్లే 43 వోల్టుల సరఫరా. నాలుగు వెలిగి ఆగిపోతే రెండో పీఐఏ దగ్గర వెతకాలి. ఆరు వెలిగి ఏడోది రాకపోతే బోర్డును ముట్టుకునే ముందు కాయిల్స్ ఫ్యూజు చూడాలి. పరీక్ష ఎక్కడ ఆగిందో ఇంత స్పష్టంగా చెప్పే బోర్డును ఆనాడే తయారుచేసిన ఇంజనీర్ల మీద నాకు ఎనలేని గౌరవం. అయితే ఈ వెలుగులను లెక్కించే ముందు 5 వోల్టుల సరఫరాను కొలవడం మరవకూడదు. మీటరు 4.9 నుంచి 5.2 మధ్య చూపించాలి. తక్కువైతే ముందుగా అనుమానించవలసింది ఆ సరఫరాను మృదువుగా చేసే పెద్ద కెపాసిటర్‌ను. అది నలభై ఏళ్లు దాటినదైతే కొలవకుండానే మార్చడం మంచిది.

ఇక కాయిల్స్. బంతి తగలగానే దాన్ని విసిరికొట్టే బంపర్, పడిపోయిన గురిపలకలను లేపే సాధనం, బంతిని బయటికి తోసే సాధనం, అన్నింటి వెనకా ఉన్నది తీగ చుట్టిన ఒక కాయిల్, దానిలోకి దూసుకుపోయే ఇనుప ప్లంజర్. కాయిల్ మీది చీటీయే దాని జాతకం. ఎఎన్-26-1200 అని ఉంటే 26 గేజ్ తీగ, 1200 చుట్లు అని అర్థం. మీటరుతో కొలిస్తే అలాంటి కాయిల్ దాదాపు 10 ఓంలు చూపిస్తుంది. 43 వోల్టుల కింద దానిలో నాలుగు ఆంపియర్లకు పైగా పారుతుంది, అంటే 180 వాట్ల పైమాటే. సెకనులో చిన్న భాగంపాటు అది ఏమీ కాదు. అదే కొన్ని సెకన్లు ఆగకుండా పారితే పొగ వస్తుంది.

ఆ ప్రవాహాన్ని తెరిచి మూసేది డ్రైవర్ బోర్డు మీది ఒక ట్రాన్సిస్టర్. యంత్రం వేయగానే ఒక కాయిల్ ఠక్కున లాగి అలాగే పట్టుకుని ఉందంటే ఆ ట్రాన్సిస్టర్ లోపల అతుక్కుపోయి ఉందని అర్థం. వెంటనే ఆపాలి. ఇక్కడే మొదట చెప్పిన కాగితం చుట్టిన ఫ్యూజు సంగతి తేలుతుంది. ఆ యంత్రంలో మాడిన కాయిల్ మార్చాను, అతుక్కుపోయిన ట్రాన్సిస్టర్ కూడా మార్చాను. పది ఆటలు ఆడేసరికి కొత్త ట్రాన్సిస్టర్ కూడా పోయింది. అప్పుడు దీపం దగ్గరగా పెట్టి కాయిల్ కాళ్ల దగ్గర చూశాను. రెండు కాళ్ల మధ్య ఉండవలసిన డయోడ్ ఒక పక్క టంకంలోనే ఉంది, రెండో పక్క దాని సన్నటి కాలు, వెంట్రుక మందం ఎడంతో, విరిగి నిలిచి ఉంది. దూరం నుంచి చూస్తే అతికే ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్త కాయిల్‌కు పాత డయోడ్‌నే తిరిగి అతికించడం నేను చేసిన పొరపాటు. కాయిల్‌కు కరెంటు ఆగిన క్షణాన, దానిలోని అయస్కాంత క్షేత్రం కూలుతూ వందల వోల్టుల ఎదురుదెబ్బ పుట్టిస్తుంది. ఆ దెబ్బను తనలోనే తిప్పేసి ట్రాన్సిస్టర్‌ను కాపాడడమే డయోడ్ పని. అది లేకపోతే ప్రతి దెబ్బా ట్రాన్సిస్టర్ మీదే పడుతుంది. అంటే క్రమం ఇది: ఏళ్ల అదురుకు డయోడ్ కాలు విరిగింది, దానివల్ల ట్రాన్సిస్టర్ పోయింది, దానివల్ల కాయిల్ లాగి పట్టుకుంది, దానివల్ల ఫ్యూజు పేలింది, ఫ్యూజుకు కాగితం చుట్టినందువల్ల కాయిల్ మాడింది. కంటికి కనిపించేది చివరిది, మార్చవలసింది మొదటిది. డయోడ్ వేసేటప్పుడు దాని మీది గీత ఉన్న కొస సరఫరా వచ్చే తీగ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే మరుక్షణం మరో ఫ్యూజు పోతుంది. ట్రాన్సిస్టర్ మార్చినప్పుడు దాన్ని నడిపించే చిన్న చిప్‌నూ పరీక్షించాలి, ఒకటి పోయినప్పుడు రెండోది దెబ్బతినడం సాధారణం.

ఫ్లిప్పర్ల గురించి, అంటే ఆటగాడు బొత్తాం నొక్కితే లేచి బంతిని పైకి కొట్టే రెక్కల గురించి, విడిగా చెప్పాలి. 1947లో గాట్లీబ్ సంస్థ హంప్టీ డంప్టీ యంత్రంలో మొదటిసారి ఫ్లిప్పర్లు పెట్టేదాకా పిన్‌బాల్‌లో బంతిని వదిలిన తర్వాత ఆటగాడు యంత్రాన్ని కదపడం తప్ప చేయగలిగింది లేదు. ఆట ఆటగాడి చేతికి వచ్చింది ఫ్లిప్పర్లతోనే. అందువల్ల ఫ్లిప్పర్ బలహీనంగా ఉన్న యంత్రం మిగతాదంతా ఎంత మెరిసినా బాగుపడినట్టు కాదు. ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్టలు ఉంటాయి. మందమైన తీగతో చుట్టినది నాలుగు ఓంల ప్రాంతంలో ఉండి, పది ఆంపియర్ల దాకా తీసుకుని ఫ్లిప్పర్‌ను కొట్టిస్తుంది. సన్న తీగతో చుట్టినది నూరు ఓంలకు పైన ఉండి, అర ఆంపియర్ లోపే తీసుకుని, బొత్తాం నొక్కి ఉంచినంతసేపు పైకి పట్టి ఉంచుతుంది. ఒకదాని నుంచి మరొకదానికి మార్చేది ఫ్లిప్పర్ పూర్తిగా లేచాక తెరుచుకునే చిన్న స్విచ్. ఆ ఒక్క స్విచ్ రెండు వ్యతిరేక రోగాలకు కారణం కాగలదు. దాని మొనలు గుంటలు పడి సరిగా అంటకపోతే బలమైన చుట్టకు పూర్తి కరెంటు అందక ఫ్లిప్పర్ నీరసిస్తుంది. అది చివర్లో తెరుచుకోకపోతే పది ఆంపియర్లు ఆగకుండా పారి, కాయిల్ వేడెక్కి, మాడు వాసన వచ్చి, చివరికి ఫ్యూజు పోతుంది.

స్విచ్ బాగున్నా ఫ్లిప్పర్ నీరసంగా ఉంటే లోపం మెకానికల్. ప్లంజర్ బయటికి లాగి కొన చూస్తే, లక్షలాది దెబ్బలకు అది పుట్టగొడుగులా పరుచుకుని ఉండడం కనిపిస్తుంది. ఆ పరుచుకున్న అంచు గొట్టం లోపలి గోడను గీరుతూ పోతుంది. ప్లంజర్‌ను ఇరుసుకు కలిపే పలకలోని రంధ్రం గుండ్రంగా ఉండవలసింది కోలగా అరిగి ఉంటుంది. ఆ అరుగుదల తగిలినంత మేర కాయిల్ లాగిన దూరం వృథా అవుతుంది. అలాంటప్పుడు ప్లంజర్, పలక, గొట్టం, అడ్డుకట్టే బిళ్ల, స్ప్రింగు అన్నీ ఒకేసారి మార్చాలి. ఒకటొకటిగా మారిస్తే, అరిగిన పాత భాగం కొత్త భాగాన్ని కూడా అరగదీస్తుంది. ఇక్కడ నూనె వేయకూడదు. నైలాన్ గొట్టంలో ప్లంజర్ పొడిగానే జారాలి. నూనె పడితే ఇనుప పొడిని పట్టుకుని జిగట ముద్దవుతుంది. కుప్పీలోంచి చిమ్మే తుప్పు నూనెను యంత్రం మొత్తానికి కొట్టి, దాన్ని దులపడానికి నాకు వారం పట్టేలా చేసినవారు ఉన్నారు.

తొలి బ్యాలీ యంత్రాల్లో ఫ్లిప్పర్ల కరెంటు ట్రాన్సిస్టర్ల గుండా పోదు, ఆటగాడి బొత్తాం స్విచ్ గుండానే పోతుంది. డ్రైవర్ బోర్డు మీది ఒక రిలే మాత్రం ఆట నడుస్తున్నప్పుడు వాటికి అనుమతి ఇస్తుంది. అందువల్ల రెండూ ఒకేసారి చచ్చిపోతే ఆ రిలేను, ఒకటే పోతే దాని బొత్తాం స్విచ్‌ను, కాయిల్‌ను చూడాలి.

స్విచ్‌ల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఫ్లిప్పర్ స్విచ్‌ల మొనలు టంగ్‌స్టన్‌తో చేసినవి, వాటిని సన్నటి ఆకురాయితో రుద్దవచ్చు. ఆట బల్ల మీది మిగతా స్విచ్‌ల మొనలకు బంగారు పూత ఉంటుంది, ప్రాసెసర్ పంపే అతి స్వల్ప కరెంటు తుప్పు పొరను దాటలేదు కాబట్టి ఆ పూత వేశారు. వాటిని ఆకురాయితో రుద్దితే పూత పోయి కొద్ది నెలల్లో అవి మూగవవుతాయి. ఒక విజిటింగ్ కార్డును ఆల్కహాల్‌లో తడిపి మొనల మధ్య పెట్టి, వేలితో మెల్లగా నొక్కి, లాగితే చాలు, కార్డు మీద నల్లటి గీత పడుతుంది. ఆ గీత రావడం ఆగేదాకా లాగాలి. తొలి బ్యాలీ యంత్రాల్లో 40 స్విచ్‌లు 8 వరుసలు, 5 నిలువులుగా అల్లిన వలలో ఉంటాయి. ఒక స్విచ్ తగిలితే వేరే చోట స్కోరు పెరుగుతోందంటే ఆ వలలో ఏదో డయోడ్ పోయినట్టు. ఏమీ తగలకుండానే స్విచ్ మూసినట్టు చూపిస్తే, గురిపలకల స్విచ్‌లకు అడ్డంగా టంకం వేసిన చిన్న కెపాసిటర్‌ను ఒక కాలు విప్పి చూడాలి. నాణేల తలుపు లోపలి బొత్తాంతో నడిచే స్వీయపరీక్ష ఇరుక్కున్న స్విచ్ సంఖ్యను అంకెలలోనే చూపిస్తుంది.

దీపాలు కనెక్టర్లను తినేస్తాయి. మొదట్లో వేసిన 44 సంఖ్య బల్బు 6.3 వోల్టుల వద్ద 0.25 ఆంపియర్ తీసుకుంటుంది. అలాంటివి యాభై ఉంటే 12.5 ఆంపియర్లు. ఆ ప్రవాహమంతా కొద్దిపాటి పిన్నుల గుండా పోవాలి. పిన్ను కొంచెం వదులైనా అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వదులవుతుంది, ప్లాస్టిక్ గోధుమరంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. 47 సంఖ్య బల్బు 0.15 ఆంపియరే తీసుకుంటుంది కాబట్టి, వాటిని వేస్తే మొత్తం 7.5కు దిగుతుంది, వెలుగులో తేడా కొద్దిగానే. మాడిన కనెక్టర్‌ను మార్చేటప్పుడు బోర్డు మీది పిన్నులను, తీగల వైపు గొట్టాలను రెండింటినీ మార్చాలి. బోర్డు వెనకవైపు, పిన్ను చుట్టూ టంకంలో ఉంగరంలా పడిన సన్నటి పగులును భూతద్దంతో వెతకాలి. ఆడుతుండగా ఉన్నట్టుండి ఆగిపోయి, తల పెట్టె మీద తడితే మళ్లీ బతికే యంత్రాల్లో చాలావాటి రహస్యం ఆ పగులే.

అందం సంగతికి వస్తే నా అభిప్రాయం కొంత కఠినం. తల పెట్టె ముందున్న గాజు మీది బొమ్మ గాజు వెనకవైపు రంగుతో వేసినది. బల్బుల వేడికి అది పెచ్చులుగా లేస్తుంది. దాని మీద నీళ్లు, గాజు తుడిచే ద్రావణం వాడితే బొమ్మే ఊడి గుడ్డకు వస్తుంది. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము మాత్రం దులపాలి. ఆట బల్లను మెత్తటి పాలిష్‌తో శుభ్రం చేసి, కార్నౌబా మైనం రుద్ది, రబ్బరు ఉంగరాలన్నీ మార్చి, కొత్త బంతి వేయాలి. 80 గ్రాముల ఆ ఉక్కు బంతి తుప్పు పట్టి ఉంటే, తిరిగిన ప్రతి దారీ గరుకు కాగితంతో రుద్దినట్టే. అరిగిన రంగును తాకకుండా వదిలేయడమా, తిరిగి వేయడమా అన్నది ఎవరి నిర్ణయం వారిది. చెక్క బయటపడని చోట పాత రంగునే ఉంచడం నాకు ఇష్టం. ఒకసారి మీద రంగు పడితే అసలుది మళ్లీ చూడలేం.

అన్నీ అయ్యాక కాళ్ల కింది మరలు తిప్పి, బల్లను అడ్డంగా సమంగా, నిలువుగా సరైన వాలులో నిలపాలి. పాత ఎలక్ట్రోమెకానికల్ యంత్రాలకు 3.5 డిగ్రీల ప్రాంతం, కొత్త తరం వాటికి 6.5 డిగ్రీలు అలవాటైన లెక్క. ఫ్యూజు విలువలన్నీ మరోసారి చూసి, రెండు గంటలు ఆడి, ఆపి, ప్లగ్గు లాగి, ప్రతి కాయిల్ దగ్గరా చేయి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉండవచ్చు, చేయి ఆనించలేనంత వేడి ఉండకూడదు. కొత్త పలకలు సర్దుకునేసరికి ఫ్లిప్పర్ చివర తెరుచుకునే ఆ స్విచ్ మళ్లీ ఒకసారి వంచవలసి వస్తుంది. ఏ బోర్డులో ఏ భాగం ఏ తేదీన మార్చారో, ఏ తీగ రంగు పటంతో కలవదో ఒక కాగితం మీద రాసి, విప్పిన పాత భాగాలను ఒక సంచిలో వేసి, రెండింటినీ నాణేల తలుపు లోపల పెట్టాలి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ తలుపు తెరిచేవారికి, నాకు ఆ వెండి కాగితం దగ్గర దొరకని జవాబు అక్కడ దొరుకుతుంది.